తలుపులు తీసిన జీపుకు అద్దాలు ఎక్కడ?

మా జీపు తలుపులు తీయడం పెద్ద పనేమీ కాదు. కీలు పిన్నుల మీద కూర్చునే సగం తలుపులు అవి. గొళ్లెం తప్పించి పైకి ఎత్తితే చేతిలోకి వచ్చేస్తాయి. చిక్కల్లా సైడు అద్దాలతోనే. మాకు ముందు ఈ బండి వాడినవారు రెండు అద్దాలనూ ఆ తలుపులకే బిగించారు. తలుపులు షెడ్డులో గోడకు చేరేసరికి అద్దాలు కూడా వాటితోపాటే వెళ్లి గోడను చూస్తూ కూర్చుంటాయి.

బండి పాత మహీంద్రా ఎంఎం 540. ప్యూజో డీజిల్ ఇంజను, క్యాన్వాసు టాపు, ఓఆర్ 10 నంబరు, అంటే కొరాపుట్ జిల్లాలో రిజిస్టర్ అయిన బండే. సిమిలిగుడలో మాకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. దేవమాలి కొండల వైపు మా బావకు కాఫీ తోట ఉంది. వానలు వెనకపట్టాక మొక్కలైనా, ఎరువు బస్తాలైనా, పనివాళ్లైనా ఈ జీపులోనే వెళ్లాలి. 1,672 మీటర్ల దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం కాబట్టి ఇప్పుడు అటు పర్యాటకుల కోసం మంచి రోడ్డే ఉంది. మా తోట దారికి మాత్రం ఆ యోగం పట్టలేదు. వాన నీళ్లు కోసేసిన గట్లు, మధ్యలో పొడుచుకొచ్చిన రాళ్లు. అలాంటి చోట తలుపు లేకపోతే ఎంత హాయో నడిపినవాళ్లకు తెలుసు. నడుము కాస్త వంచితే చాలు, ముందు చక్రం ఏ రాయి ఎక్కుతోందో, గట్టు అంచుకు ఎంత దూరంలో ఉందో కనిపిస్తుంది. బస్తాలు పక్కనుంచే లాగి దించుకోవచ్చు.

అయితే ఆ మట్టిదారి చేరాలంటే ముందు జాతీయ రహదారి మీద కొంత దూరం పోవాలి. జయపురం, కొరాపుట్, సునాబెడ, సిమిలిగుడ, పొట్టంగి దాటి సాలూరు ఘాటు దిగి విజయనగరం వైపు పోయే 26వ నంబరు రహదారి అది. పాతవాళ్లు ఇప్పటికీ 43 అనే అంటారు. ఆ రోడ్డు మీద మన వెనక ఎప్పుడూ ఏదో ఒక లారీ ఉంటుంది. లోపలి అద్దంలో చూద్దామంటే టాపు వెనక ప్లాస్టిక్ కిటికీ ఎండకు పాలరంగుకు తిరిగిపోయింది, దాని ముందు బస్తాలు, బస్తాల మీద మనుషులు. హారన్ వినిపించాక తల బయటపెట్టి వెనక్కి చూడటం ఘాటు మలుపుల్లో చేయదగిన పని కాదు. తలుపులు లేకపోయినా అద్దాలు ఉండి తీరాలి. అక్కడి నుంచి మొదలైంది ఈ పని.

మొదట కాగితాల సంగతి చూసుకున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడాపడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. సగం తలుపులు విడిగా తగిలించుకున్నవే కాబట్టి బాడీ జోలికి పోనక్కర లేదు. అయినా నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను: బాడీకి ఒక్క కొత్త రంధ్రం కూడా వేయకూడదు, విప్పేసిన రోజు బండి పాత రూపానికి రావాలి. ఈ షరతుతో తుప్పు బెడద కూడా తప్పింది. కొండల్లో నాలుగు నెలలు వాన కురిసే చోట పాత రేకుకు రంధ్రం వేశామంటే తుప్పుకు తలుపు తీసినట్లే.

ఇక అద్దం ఎక్కడ పెట్టాలి? సునాబెడలో ఒక మిత్రుడి జీపుకు తలుపు తీశాక ఖాళీగా మిగిలే కీలులోనే అద్దం కడ్డీని దించుకునే ఏర్పాటు ఉంది. ఏ బోల్టూ విప్పనక్కర లేదు, అర నిమిషంలో పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు. ఆశగా అడిగి తెచ్చి నా జీపుకు పెట్టి చూశాను. కీలు ఉండేది నడుము ఎత్తులో. అద్దం కంటి ఎత్తుకు రావాలంటే కడ్డీ పొడుగ్గా ఉండాలి. పొడుగు కడ్డీ, కింద ఒక్క ఆధారం, దానికి తోడు డీజిల్ ఇంజను అదురు. న్యూట్రల్‌లో నిలబెట్టి చూస్తేనే అద్దంలో వెనక ఉన్న కరెంటు స్తంభం రెండుగా కనిపించింది. రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే గాలికి అద్దం తిరిగిపోయి నా మొహమే చూపించింది. గుంతలో పడితే పిన్ను పైకి లేచేది. మిత్రుడు మట్టిదారుల్లో మెల్లగా నడిపే మనిషి కాబట్టి ఆయనకు సరిపోయింది. లారీల మధ్య నడిపే నాకు సరిపోదు.

విండ్‌షీల్డ్ ఫ్రేముకే బిగించడం రెండో దారి. కంటి ఎత్తులో ఉంటుంది, కడ్డీ పొట్టిగా సరిపోతుంది. కానీ ఫ్రేము సన్నటి గొట్టం, రంధ్రం వేయక తప్పదు. పైగా విండ్‌షీల్డ్‌ను బానెట్ మీదికి మడిస్తే అద్దాలు కూడా పడుకుంటాయి. మూడోది ముందు మడ్‌గార్డుల మీద పెట్టడం. జపాన్‌లో 1983 దాకా కార్ల అద్దాలు అక్కడే ఉండేవి, చూపు రోడ్డు మీద నుంచి పెద్దగా మళ్లించకుండానే వెనక చూడవచ్చని. మంచి మాటే, కానీ అంత దూరాన ఉన్న అద్దంలో లారీ కూడా చీమంత కనిపిస్తుంది. మట్టిదారిలో వెదురు మండలు మొదట తగిలేది కూడా మడ్‌గార్డుకే.

మిగిలింది కౌల్, అంటే బానెట్‌కూ విండ్‌షీల్డ్‌కూ మధ్య ఉండే బాడీ భాగం. విండ్‌షీల్డ్ కీలును బాడీకి పట్టి ఉంచే బోల్టులు అక్కడ ఇరువైపులా రెండేసి ఉన్నాయి. వాటినే కాస్త పొడుగైనవిగా మార్చి, కీలు మీద ఒక ఇనుప బ్రాకెట్టు పెట్టి బిగిస్తే కొత్త రంధ్రం అక్కర లేదు, ఆధారం ఒక్క చోట కాక రెండు చోట్ల దొరుకుతుంది, విండ్‌షీల్డ్ మడిచినా అద్దం కదలదు.

చోటు ఖాయమైంది కదా అని వెంటనే ఇనుము కోయించలేదు. బ్రాకెట్టు ఏ ఆకారంలో ఉండాలో తేల్చింది నా సీటు. ఈ పని తలపెట్టినవారు ముందు సీటును తాము నడిపే స్థానానికి జరిపి, స్టీరింగు పట్టుకుని, ఎప్పుడూ కూర్చునేలాగే కూర్చోవాలి. నిటారుగా, ఫొటోకు కూర్చున్నట్లు కాదు. మా మేనల్లుడిని అద్దం చేత పట్టుకుని కౌల్ పక్కన నిలబడమన్నాను. దుకాణంలో పనిచేసే కుర్రాడు ఎర్ర గమ్ఛా, అంటే తువ్వాలు, భుజాన వేసుకుని జీపు వెనక నడిచాడు. వెనక చక్రం పక్కనుంచి మొదలుపెట్టి మెల్లగా వెనక్కి, పక్కకు నడుస్తుంటే, గమ్ఛా అద్దంలో ఎక్కడ కనిపించిందో, ఎక్కడ మాయమైందో నేల మీద సుద్దతో గీయించాను. అద్దాన్ని అరచేయి వెడల్పు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ అదే తంతు. "మావయ్యా, చేయి పడిపోతోంది" అని మేనల్లుడు గోలపెట్టాక అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి కొనసాగించాను.

ఈ సుద్ద గీతలతో రెండు సంగతులు తేలాయి. ఒకటి, కంటికీ అద్దానికీ మధ్య దూరం పెరిగితే కనిపించే వెడల్పు తగ్గుతుంది. చదును అద్దాన్ని 60 సెంటీమీటర్ల నుంచి 80కి జరిపితే కనిపించే కోణంలో దాదాపు నాలుగో వంతు పోతుంది. తలుపు మీద ఉన్న అద్దం కౌల్ దగ్గరికి పోవడమంటే సరిగ్గా ఇదే, ముందుకు జరగడం. పాత అద్దాలనే అక్కడ బిగిస్తే వెనక కనిపించే మేర తగ్గిపోతుందన్నమాట.

రెండోది ఇంకా ముఖ్యం. అద్దం విండ్‌షీల్డ్‌కు ముందు ఉంటే దాన్ని విండ్‌షీల్డ్ గాజు గుండా చూడాలి. మన వైపరు తుడిచేది మధ్య భాగమే, మూలల్లో ఎర్రమట్టి అలాగే ఉంటుంది. సైడు అద్దం ఎంత మెరిసినా మధ్యలో ఈ మురికి గాజు అడ్డం. ఇంకాస్త అటూ ఇటూ జరిపితే ఫ్రేము గొట్టం చాటుకు పోతుంది. అదే అద్దాన్ని ఫ్రేముకు వెనక, తలుపు లేని ఖాళీలోంచి కనిపించేలా పెడితే కంటికీ అద్దానికీ మధ్య గాలి తప్ప ఏమీ ఉండదు. కాబట్టి బ్రాకెట్టు కౌల్ దగ్గర మొదలై, బయటికి వచ్చి, మళ్లీ వెనక్కి తిరగాలి. అలా తిప్పితే పోయిన దూరంలో కొంత తిరిగి వస్తుంది కూడా. అట్టముక్కలు కోసి, వంచి, గమ్ పేపరుతో అతికించి ఆ ఆకారం తయారుచేసుకున్నాను. కుడిదీ ఎడమదీ ఒకటి కావు. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ అద్దం చాలా దూరం, దాని వంపు వేరు.

ఇనుము పని సాలూరులో చేయించాను. ఘాటు దిగితే సాలూరు, అది లారీల ఊరు. బాడీ కట్టే షెడ్లు అక్కడ వీధుల పొడుగునా ఉంటాయి. లారీ అద్దాల బ్రాకెట్లు కట్టీ కట్టీ ఆ మేస్త్రీల చేతులు పండిపోయాయి. నేను వెళ్లిన షెడ్డులో పెద్ద మేస్త్రీ నా అట్ట నమూనాను అటూ ఇటూ తిప్పి చూసి, "కొలత మీదేనా బాబూ? బాగానే ఉంది. ఈ కడ్డీ మాత్రం సగానికి తగ్గించండి" అన్నారు.

"తగ్గిస్తే అద్దం బయటికి చాలదేమో, మేస్త్రీ గారూ?"

"బయటికి రావలసినంత దూరం పట్టీతో తెద్దాం. కడ్డీ మిగిలిన నాలుగు వేళ్లే. ఇనుము పొడుగైతే ఊగుతుంది. ఊగే అద్దం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉన్నదీ ఇదే. ఒక కొస బిగించిన కడ్డీ పొడుగు రెట్టింపైతే అంతే బరువుకు ఎనిమిది రెట్లు వంగుతుంది. మందం మాత్రం కాస్త పెంచినా గట్టిదనం బాగా పెరుగుతుంది: 10 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 12 వాడితే రెట్టింపు. ఆయన ఈ లెక్కలు చెప్పలేదు. షెడ్డు మూలలో విరిగిపోయిన పాత బ్రాకెట్ల కుప్ప చూపించారు. దాదాపు అన్నీ పొడుగు చేతులవే, అన్నీ వెల్డింగు మొదట్లోనే విరిగాయి.

5 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీని గ్యాసుతో కాల్చి వంచారు. వంపు లోపలి మూలలో చిన్న త్రికోణపు రేకు వెల్డింగు చేశారు, అదురుకు వంపు తెరుచుకోకుండా. కొసన 12 మిల్లీమీటర్ల పొట్టి కడ్డీ, దానికి ట్రాక్టరు అద్దాలకు వాడే క్లాంపు. రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక నల్ల ఎనామిల్ నేనే వేసుకున్నాను.

అద్దాల విషయంలో మేస్త్రీకీ నాకూ మాట కుదరలేదు. రెండువైపులా కుంభాకార అద్దాలే పెట్టమని ఆయన పట్టు. ఎక్కువ వెడల్పు కనిపిస్తుందని. నిజమే, కానీ కుంభాకార అద్దంలో వెనక బండి ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్లు తోస్తుంది. ఘాటులో నా కుడి పక్కనుంచి దాటేది లారీ. అది నిజంగా ఎంత దగ్గరుందో నాకు తెలియాలి. అందుకని కుడివైపు కాస్త పెద్ద చదును అద్దం, ఎడమవైపు కుంభాకార అద్దం పెట్టించాను. ఎడమ పక్కన నాకు కావలసింది దూరం కాదు, వెడల్పు: సైకిలు ఉందా, మేక ఉందా, కాలువ అంచు ఎక్కడ ఉంది అన్నదే. కుడి పక్కన పెద్ద అద్దం పెట్టినా కొంత మూల కనిపించకుండా మిగిలింది. దానికి మందు మెడ తిప్పి చూడటమే. తలుపు లేని బండిలో ఆ చూపుకు అడ్డమేమీ ఉండదు.

బిగించడంలో అన్నిటికన్నా తలనొప్పి తెచ్చింది బోల్టు. మహీంద్రా వాళ్ల జీపులు అమెరికా విల్లీస్ జీపుల వంశం కాబట్టి మా బండిలో కొన్ని బోల్టులు ఇంకా అంగుళాల లెక్కలోనే ఉన్నాయి. కీలు బోల్టు 5/16 అంగుళం, వడ్రంగుల లెక్కలో రెండున్నర నూలు. మిల్లీమీటర్లలో 7.94. బజారులో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. రెండు మూడు మరలు తీయగా ఎక్కుతుంది కూడా. తర్వాత బిగుసుకుంటుంది. అంగుళానికి 24 మరలున్న నట్టులోకి సుమారు 20 మరల బోల్టు దిగదు. బలవంతం చేస్తే బాడీ లోపల వెల్డింగు చేసి ఉన్న నట్టు పాడవుతుంది, అక్కడికి చేయి కూడా పోదు. కాబట్టి జయపురంలో పాత జీపు సామాన్లు అమ్మే కొట్టులో వెతికి, అసలు మరతోనే, పట్టీ మందం మేరకు పొడుగున్న బోల్టులు తెచ్చుకున్నాను. పానా కూడా అర అంగుళానిదే వాడాలి. 13 నంబరు పానా కాస్త వదులుగా పట్టి తల మూలలను అరగదీస్తుంది.

రెండు బోల్టులనూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి విప్పి, కొత్తది వేలితో బిగించి, ఆ తర్వాతే రెండోది. లేకపోతే విండ్‌షీల్డ్ పక్కకు జారి, రంధ్రాలు కలవక ఇద్దరు మనుషులు కావలసి వస్తుంది. బ్రాకెట్టుకూ కీలుకూ మధ్య పాత ట్యూబు నుంచి కోసిన పల్చటి రబ్బరు ముక్క వేశాను, పెయింటు గీరుకోకుండా, నీరు నిలవకుండా. మందపు రబ్బరు వేస్తే మెత్తదనం వల్ల అద్దం మళ్లీ ఊగుతుంది. చివరి బిగింపుకు ముందు తలుపులు రెండూ తెచ్చి తగిలించి, పూర్తిగా తెరిచి చూశాను. ఎడమ తలుపు అంచు బ్రాకెట్టు వంపుకు రాసుకుంది. వంపును కాస్త గ్రైండరుతో గుండ్రం చేస్తే సరిపోయింది. వానాకాలం వస్తే తలుపులు తిరిగి ఎక్కుతాయి కదా, అప్పుడూ ఈ అద్దాలే ఉండాలి. తలుపుల మీది పాత అద్దాలు తీసేసి ఆ రంధ్రాలకు రబ్బరు బిరడాలు పెట్టాను.

క్లాంపును మరీ బిగించలేదు. చేత్తో గట్టిగా తోస్తే అద్దం మడవాలి. వెదురు పొదల్లో బలంగా తగిలినప్పుడు మడిచిపోతే తిరిగి లాక్కోవచ్చు. మడవని అద్దం అయితే పగులుతుంది, లేదా బ్రాకెట్టును వంచి కూర్చుంటుంది. సర్దిన చోటు గుర్తుకు కడ్డీ మీద, క్లాంపు మీద కలిసేలా తెల్లరంగుతో ఒక గీత గీశాను. మా బావ నాకంటే పొడగరి, ఆయన గీత పసుపు.

మొదటి పరీక్ష పొట్టంగి వైపు రోడ్డు మీదే. న్యూట్రల్‌లో ఇంజను తక్కువ వేగంతో తిరిగేటప్పుడు కుడి అద్దం కొద్దిగా మసకబారుతుంది. గేరు వేసి కదిలాక లారీ నంబరు ప్లేటు చదవగలిగేంత స్పష్టం. అసలైన పరీక్ష కుందులి సంత రోజు జరిగింది. తలమీద అల్లం బుట్టలు, చేతిలో కోళ్లు, తాడు చివర మేకలు, రోడ్డుకు రెండు అంచులా మనుషులే. ఎడమ కుంభాకార అద్దంలో మా వెనక చక్రం పక్కన నడుస్తున్న పిల్లలు కూడా కనిపించారు. పాత అద్దాలతో అది కుదిరేది కాదు.

ఒక్క మనిషి మాత్రం ఈ ఏర్పాటును పాడుచేయగలిగింది. మా బావ వాళ్ల అమ్మగారు. జీపు ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి తలుపు లేదు కాబట్టి చేతికి అందిన ఎడమ అద్దం కడ్డీ పట్టుకుని పైకి లేచారు. అద్దం ఆకాశం చూసింది. "అత్తయ్యా, అది పట్టుకోకండి" అంటే, "మరి ఏది పట్టుకోమంటావు నాయనా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. డ్యాష్‌బోర్డు పక్కన ఒక పిడి బిగించాక ఆ గొడవ తీరింది. తలుపు తీసినప్పుడు మనిషి చేయి దేన్ని వెతుకుతుందో అద్దంతోపాటే ఆలోచించుకోవాలి. నడుము బెల్టు సంగతి సరేసరి, తలుపు లేని బండిలో అది లేకుండా నేను ఎవరినీ కూర్చోనివ్వను.

మార్గశిరం వచ్చాక తెల్లవారు మంచుకు అద్దాలు తడిసిపోతాయి. నడుపుతూనే చేయి చాపి కుడిదాన్ని తుడుచుకోవచ్చు. ఎడమది మాత్రం పక్కన కూర్చున్నవాళ్ల దయ. చలి సంగతి అడగకండి, సిమిలిగుడ చలిలో తలుపుల్లేని జీపు నడపడం ఎవరికీ సిఫారసు చేయను. బోల్టులను నెలకోసారి పానా పెట్టి చూస్తాను. మొదట్లో ఒకసారి కాస్త వదులైన ఎడమ పై బోల్టు, స్ప్రింగు వాషరు మార్చాక మళ్లీ కదల్లేదు.

సరిపెట్టుకోలేనిది ఇంకొకటి మిగిలింది. కుడివైపు చదును అద్దంలో రాత్రిపూట వెనక లారీ హెడ్‌లైట్లు సూటిగా కంట్లో పడతాయి. లోపలి అద్దానికి ఉన్నట్లు వెలుగు తగ్గించే మీట దీనికి లేదు. ప్రస్తుతానికి చీకటి పడ్డాక అద్దాన్ని వేలితో కాస్త కిందికి వంచి, లారీని దాటిపోనిచ్చి, మళ్లీ తెల్ల గీతకు తెచ్చుకుంటున్నాను. ఈసారి సాలూరు దిగినప్పుడు లారీల వాళ్లు దీనికి ఏం చేస్తారో ఆ మేస్త్రీనే అడగాలి.